ఆఱు ఋతువులు – ఒక చెరువుగట్టు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠము)



నేను లెక్కలు వ్రాయువాడను. ఛాయాచిత్రమును గూడ ఒక లెక్కగానే చూతును. ఏ కారున ఏ పైరు వేసిరో అడంగలు చెప్పును. ఆనాడు చెరువునీరు ఏ మెట్టుదాక నిలిచెనో, గట్టుమీది చెట్టు ఎట్లుండెనో చెప్పదు. అది చిత్రము చెప్పవలసినదే. 1839లో పారిస్ నగరమున డాగేర్ పద్ధతి వెల్లడియైన పిదప ఈ విద్య లోకమున వ్యాపించినది. ఆఱవ నిజాము ఆస్థానమున రాజా దీన్‌దయాళ్ (1844–1905) తీసిన చిత్రములవలన నాటి హైదరాబాదు నేటికిని మన కన్నులకు అందుచున్నది. మన ఊరికి ఆస్థాన ఛాయాగ్రాహకులు లేరు; మన చేతిలోని ఫోనే దిక్కు.

కాళిదాస కృతిగా ప్రసిద్ధమైన ఋతుసంహారము గ్రీష్మముతో మొదలై వసంతముతో ముగియును. నేనును ఆ వరుసనే చెప్పెదను.

గ్రీష్మమున మిట్టమధ్యాహ్నపుటెండ నడినెత్తిన పడును. కనుబొమల క్రింద నల్లని నీడలు నిలిచి ముఖములు చెడును. ప్రొద్దుపొడిచిన గంటలోపల గాని, ప్రొద్దుక్రుంకుటకు ముందు గాని తీయవలెను. వర్షర్తువున మబ్బు పందిరియై వెలుగును సమముగా పంచును. నాట్లు వేయువారి ముఖములు తీయుటకు ఇంతకంటె మంచి అదను లేదు. అద్దముమీది తడిని పొడిగుడ్డతో తుడుచుట మాత్రము మఱువరాదు. శరత్తున వాన కడిగిన గాలిలో దూరపుకొండయు తేటగా కనబడును; రెల్లు పూచును. హేమంతమున తెల్లని మంచును యంత్రము బూడిదవన్నెగా చూపును గాన, వెలుతురు కొంచెము హెచ్చింపవలెను. శిశిరమున ఆకు రాలి కొమ్మల పొందిక తెలియును. ఏటవాలు ఎండలో పొడుగునీడలే చిత్రమునకు అందము. వసంతమున చిగురు వెనుక సూర్యుడుండునట్లు నిలిచి తీసినచో ఆకు ఈనెలతో సహా వెలుగును.

నా మనవి యొక్కటే. చెరువుగట్టున ఒక రాతిని గుర్తుపెట్టుకొని, అచ్చటనే నిలిచి, ఒకే దిక్కునకు, ఒకే వేళకు, ఋతువున కొకటిగా ఏటికి 6 చిత్రములు తీయుడు. అచ్చు వేయించి, వెనుక తేదీయు చోటును వ్రాసి, ఒక ప్రతిని ఈ గ్రంథాలయమున కిండు. ఫోను చెడిన నాడు అందులోనివి పోవచ్చును. దస్త్రమున చేరినది నిలుచును. స్వర్ణోత్సవము నాటికి 150 చిత్రములగును. అప్పుడు ఏ చెట్టు ఎన్నడు పడినదో, ఎవరి పొలముగట్టు చెరువులోనికి ఎంత జరిగినదో వాదులాడ నక్కఱలేదు. మాట మార్చువారుందురు గాని చిత్రము మాట మార్చదు. చెరువు మనకు అన్నము పెట్టినది. దాని రూపమును బిడ్డలకు అప్పగించుట మన విధి.