చుక్కలు చెప్పే వయసు

అమెరికాలో వారాంతపు ఫ్లీ మార్కెట్లలో, పాత సామాన్ల దుకాణాల్లో మడత జేబుకత్తులు తరచు కనిపిస్తాయి. పెన్సిల్వేనియాలోని బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో తయారయ్యే కేస్ కంపెనీ కత్తి చేతికి దొరికితే, ముందు పిడి అందం చూడకండి. అలుగు తెరిచి, దాని మొదట్లో ఉన్న ముద్ర చదవండి.

1970లో ఆ కంపెనీ ముద్ర కింద పది చుక్కలు పెట్టింది. ఆపైన ఏటా ఒక్కో చుక్క తీసేస్తూ వచ్చింది. ఏడు చుక్కలుంటే ఆ కత్తి 1973 నాటిది. 1980లో మళ్లీ పది చుక్కలతో మొదలుపెట్టింది. అయితే ఈసారి ముద్రలోని ఎస్ అక్షరాన్ని మెరుపులా వంకరగా చెక్కింది. ఓ మామూలు పనిముట్టు తన పుట్టిన సంవత్సరాన్ని ఇంత తేటగా చెప్పడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

కొనేముందు అలుగు సానపట్టీ పట్టీ సన్నబడిందా, పక్కలకు ఊగుతోందా చూసుకోండి. మూసేటప్పుడు టక్కుమని పడితే స్ప్రింగు బలంగా ఉన్నట్టే. పాత ఉక్కుకు పట్టిన నల్లని ఛాయను తోమకండి. మెరుపు కోసం అరగదీస్తే ముద్ర కూడా పోతుంది, దాంతో విలువా పోతుంది. ఎర్ర తుప్పును మాత్రం నూనెతో మెల్లగా తుడవండి.

సెల్యులాయిడ్ పిడి కత్తిని విడిగా ఉంచాలి. అది పాడవుతున్నప్పుడు వెలువడే ఆవిరి పక్కనున్న కత్తులకూ తుప్పు పట్టిస్తుంది.

కొన్న కత్తిని ఇంటికి తెచ్చేటప్పుడు విమానంలో చేతిసంచిలో పెట్టుకోకండి, చెక్-ఇన్ సామానులో వేయండి.