సంతకమునకు ముందు

(తుర్విహాళలో మన సంఘ సమావేశమునందు చేసిన ప్రసంగ పాఠము)



మేము వర్తకులము, వైద్యులము కాము. మెట్రిక్యులేషనుతో మా చదువు ముగిసినది. అయినను మన ఇండ్లలో తరచు కనబడు ఒక వ్యాధిని గూర్చియు, దానికై జరుగు ఔషధ పరీక్షను గూర్చియు మేము నేర్చుకొన్నది మీ ముందుంచుట మా విధి యని తలచితిమి.

ఎగ్జిమాను మనవారు తామర యందురు. బూజు జాతి సూక్ష్మజీవుల వలన వచ్చు గుండ్రని మచ్చలను కూడ తామర యనియే పిలుతురు. ఈ రెండును వేరు. ఎగ్జిమా అంటునది కాదు, రెండవది అంటుకొనును. ఎగ్జిమాకు వైద్యులు వ్రాయు స్టిరాయిడు లేపనమును రెండవదానికి పూసినచో, ఎరుపు తగ్గినట్లే కనబడి మచ్చ మరింత ప్రాకును. అందుచేతనే ఇట్టి లేపనములు పెక్కింటిని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో ప్రభుత్వము నిర్ణయించినది.

మా అన్నగారి కుమారుడు ఆరేండ్లుగా చేతుల ఎగ్జిమాతో బాధపడుచున్నాడు. వరిమడిలో దిగినచో వ్రేళ్ళ సందులు పగిలి రసి కారును. రాత్రులు నిద్ర యుండదు. మొదట ఎవరినీ అడుగక అంగడి నుండి లేపనము తెచ్చి ఇచ్చినది మేమే. ఆ తప్పు మాదే.

గత సంవత్సరము నగరములోని ఒక ఆసుపత్రివారు క్రొత్త లేపనమును పరీక్షించుచున్నామనియు, చేరినవారికి ఖర్చు లేదనియు చెప్పిరి. సమ్మతి పత్రము ఇంగ్లీషునందును కన్నడమునందును మాత్రమే యుండెను. మావాడు కన్నడము చక్కగా మాటలాడును గాని, అట్టి శాస్త్రవిషయమును చదివి గ్రహింపలేడు. “అంతయు మంచిదే, సంతకము చేయుడు” అని అచ్చటి ఉద్యోగి తొందరపెట్టెను. మేమును కలము అందిచ్చితిమి. అప్పుడు వాడే, “చిన్నాన్నా, ఏమున్నదో తెలియక చేయను” అనెను.

ఆ మాటకు మేము సిగ్గుపడితిమి. కాటా చీటీని రెండుమార్లు చూడక పైకమీయని మనము, ఒంటికి సంబంధించిన కాగితమును చదువకుండుట ఏమి వ్యవహారము?

తెలుగు పత్రము కావలెనంటిమి. మూడు వారములకు వచ్చినది. చేరినవారిలో సగము మందికి మందు కలుపని ఉత్త లేపనమే ఇత్తురనియు, ఎవరికేదో చీట్లు వేసినట్లు నిర్ణయింతురనియు, అది రోగికిని వైద్యునికిని తెలియదనియు అప్పుడు గ్రహించితిమి. ఇది మోసము కాదు. ఎగ్జిమా తనంతట తానే తగ్గుచు హెచ్చుచు నుండును. పోల్చి చూడనిదే మందు గుణము తేలదు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు 12 మంది రోగులను ఇద్దరిద్దరుగా విభజించి, నారింజ, నిమ్మపండ్లు తిన్నవారికి స్కర్వీ త్వరగా తగ్గుట కనుగొనెను.

అయితే తెలిసి ఇచ్చిన సమ్మతి లేనిచో అంతయు అన్యాయమే. 2009లో ఖమ్మం జిల్లా బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నిరోధక టీకాలు వేసిరి. 2010లో ఆ కార్యక్రమము నిలిచిపోయెను. కొందరు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని తల్లిదండ్రులకు బదులు వసతిగృహాధికారులు సంతకములు చేయుటను పార్లమెంటు స్థాయీ సంఘము 2013లో తప్పుపట్టెను.

2009 నుండి ప్రతి ఔషధ పరీక్షయు జాతీయ పట్టికలో నమోదు కావలెను. 2019 నాటి నిబంధనల ప్రకారము ఎథిక్స్ కమిటీ అనుమతి యుండవలెను. మనకు తెలిసిన భాషలో వివరించి, పత్రపు ప్రతి నొకదానిని మనకీయవలెను. ఎప్పుడైనను విరమించుకొనవచ్చును. హాని కలిగినచో ఉచిత చికిత్సయు, పరీక్ష వలననే యని తేలినచో పరిహారమును పొందవచ్చును.

మావాడు చేరినాడు. ఐదవ వారమున చేతులు మండగా వైద్యులు వెంటనే చూచి, లేపనము మాన్పించి, చికిత్స చేసిరి. వానికిచ్చినది మందో, ఉత్త లేపనమో నేటికిని తెలియదు. “తెలిసి చేరితిని, విచారము లేదు” అనుచున్నాడు.

పరీక్షలలో చేరవద్దని మేము చెప్పుట లేదు. నేడు మనము వాడు మందులు మున్ను చేరినవారి చలువయే. అట్టి కాగితము మీకు వచ్చినచో సంఘమునకు తెండు. చదువుకొన్న మన పిల్లలచే తెలుగున చదివించి వినిపింతుము. సంతకము తరువాతి మాట.