గోల్ ఎవరి పేరున రాయాలి?

(జాతీయ క్రీడా దినోత్సవం సందర్భంగా 2025 ఆగస్టు 29న సూరత్ సలాబత్‌పురాలో జరిగిన మన సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ రోజు మేజర్ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. హాకీ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను హాకీ ఆడినవాణ్ని కాదు. ఎంబీఏ చదివి బ్యాంకులో చేరినవాణ్ని, నాకు తెలిసిందల్లా ఎక్సెల్ షీటు. అందుకని మొన్నటి చలికాలం మన ఎనిమిది కుటుంబాలు కలిసి ఆడుకున్న ఉత్తుత్తి హాకీ లీగు గురించి చెబుతాను. అందులో నా షీటే తప్పని ఒక పిల్ల పట్టుకుంది. ఆ తప్పు ఆటతో ఆగలేదు.

ముందు అసలు లీగు సంగతి. హాకీ ఇండియా లీగ్ 2013లో మొదలై 2017 తరువాత ఆగిపోయింది. ఏడేళ్ల విరామం తరువాత 2024 అక్టోబరులో ఢిల్లీలో మళ్లీ వేలం జరిగింది. పురుషుల విభాగంలో 8 జట్లు, ఒక్కో జట్టుకు 24 మంది ఆటగాళ్లు, వాళ్లను కొనడానికి ఒక్కో జట్టుకు 4 కోట్ల రూపాయలు. 4 కోట్లను 24తో భాగిస్తే తలకు సుమారు 16 లక్షల 67 వేలు. కానీ భారత కెప్టెన్ హర్మన్‌ప్రీత్ సింగ్‌ను సూర్మా క్లబ్ 78 లక్షలకు కొంది. అంటే ఉన్న డబ్బులో దాదాపు ఐదో వంతు ఒక్కడికే. మన హైదరాబాద్ తూఫాన్స్ జట్టు గొంజాలో పెయ్యాట్‌ను 68 లక్షలకు తీసుకుంది. మ్యాచ్‌లు డిసెంబరు 28న మొదలై ఫిబ్రవరి 1న రూర్కెలాలో ఫైనల్‌తో ముగిశాయి.

క్రికెట్ అయితే మన పిల్లలు పెద్దవాళ్లను మాట్లాడనివ్వరు. హాకీ అయితే అందరికీ కొత్తే. అందుకే హాకీని ఎంచుకున్నాం. ఎనిమిది ఇళ్లు, ఇంటికి నలుగురు ఆటగాళ్లు. వేలం కాదు, వంతులవారీగా ఎంపిక. అసలు మ్యాచ్‌లో మీ ఆటగాడు గోల్ కొడితే మీ ఇంటి ఖాతాలో పాయింట్లు పడతాయి. పైసా పందెం లేదు. డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ ఈ నెలలోనే పార్లమెంటు చట్టం చేసింది. తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే అలాంటి నిషేధాలు వచ్చాయి. అవి ఎన్ని ఇళ్లను ముంచాయో మన కౌంటర్ల దగ్గర కూర్చునేవాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఆటలో ఎవరు గెలిచినా చివర్లో అందరం కలిసి లోచో తినడమే.

వంతుల దగ్గరే మొదటి తగువు వచ్చింది. ప్రతిసారీ మొదటి ఇల్లే ముందు ఎంచుకుంటే ఎలా? లెక్క వేసి చూపించాను. మొదటి ఇంటికి 1, 9, 17, 25వ ఎంపికలు వస్తాయి, కూడితే 52. ఎనిమిదో ఇంటికి 8, 16, 24, 32, కూడితే 80. అదే రెండో విడతలో వరుస తిప్పేసి, పాము మెలికలా వెళ్తే మొదటి ఇంటికి 1, 16, 17, 32. ఎనిమిదో ఇంటికి 8, 9, 24, 25. రెండూ కూడి చూడండి, 66, 66. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొంచెం పొంగిపోయాను. న్యాయం కుదిరిందనుకున్నాను.

ఎంపిక మొదలైంది. అందరూ గోల్స్ కొట్టేవాళ్ల కోసం ఎగబడ్డారు. మా అమ్మాయి, తొమ్మిదో తరగతి, మొదటి వంతులోనే ఐర్లాండ్ గోల్‌కీపర్ డేవిడ్ హార్ట్‌ను తీసుకుంది. తమిళనాడు జట్టు అతన్ని 32 లక్షలకు కొంది. రెండో వంతులో ఒక డిఫెండర్. క్యాషియర్ గారి అబ్బాయి పడీపడీ నవ్వాడు. "గోల్‌కీపర్ గోల్స్ కొడతాడా అక్కా?" అన్నాడు. నేనూ నవ్వాను.

రెండు వారాలు గడిచేసరికి మా ఇల్లు అట్టడుగున ఉంది. ప్రతి ఆదివారం నేను షీటు గోడకు అంటించేవాణ్ని. ఒక ఆదివారం అది ఆ షీటు ముందు నిలబడి అడిగింది: "నాన్నా, ఆపిన గోల్ ఏ కాలమ్‌లో రాశావు?"

ఆ కాలమ్ లేదు. నేను పెట్టలేదు. ఎందుకు పెట్టలేదంటే, కొట్టిన గోల్ టీవీలో పేరుతో సహా కనిపిస్తుంది. ఆపిన గోల్‌కు సున్నా. వంతులు సమానం చేయడానికి అంత లెక్క వేసిన నేను, కొలబద్దను మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు.

ఇక ఆ రాత్రి కూర్చుని అంకెలన్నీ మళ్లీ చూశాను. అందులో మూడు సంగతులు మీకు చెబుతాను.

మొదటిది, ఒకరి పేరున ఉన్న అంకె ఒకరిదే కాదు. పారిస్ ఒలింపిక్స్‌లో మన జట్టు 8 మ్యాచ్‌లలో 15 గోల్స్ కొట్టింది. అందులో 10 హర్మన్‌ప్రీత్‌వే. టోర్నీ మొత్తానికీ అతనే టాప్ స్కోరర్. ఆ పదిలో ఏడు పెనాల్టీ కార్నర్లు, మూడు పెనాల్టీ స్ట్రోకులు. పెనాల్టీ కార్నర్ ఊరికే రాదు. మన ఫార్వర్డు బంతితో డీలోకి చొచ్చుకువెళ్తే, అడ్డుకోలేక డిఫెండరు తప్పు చేస్తే వస్తుంది. వచ్చాక బ్యాక్‌లైను దగ్గర్నుంచి బంతిని తోసేవాడు ఒకడు, డీ అంచున దాన్ని ఆపేవాడు ఇంకొకడు, ఫ్లిక్ చేసేవాడు మూడోవాడు. స్కోరుబోర్డు మీద పేరు మాత్రం మూడోవాడిది. హర్మన్‌ప్రీత్ గొప్పతనం ఇందువల్ల తగ్గదు. కానీ ఆ కార్నర్ తెచ్చినవాడికి నా షీటులో సున్నా.

అభిషేక్ సంగతి చూడండి. పారిస్‌లో అతనివి రెండే గోల్స్. అయినా వేలంలో బెంగాల్ జట్టు అతనికి 72 లక్షలు పెట్టింది. అదే జట్టు డ్రాగ్‌ఫ్లిక్కర్ జుగ్‌రాజ్ సింగ్‌ను 48 లక్షలకు కొంది. జుగ్‌రాజ్ 12 గోల్స్‌తో లీగులో టాప్ స్కోరర్ అయ్యాడు. మన పిల్లలు వెంటనే భాగించేశారు: గోల్‌కు 4 లక్షలు, జుగ్‌రాజ్ చవక, అభిషేక్ ఖరీదు! నిజానికి ఒకడిది డీలోకి చొరబడే పని, ఇంకొకడిది దొరికిన కార్నర్‌ను గోల్ చేసే పని. రెండింటినీ ఒకే తక్కెడలో వేస్తే తూకం వస్తుంది, అర్థం రాదు.

రెండోది, కొద్ది మ్యాచ్‌ల అంకెలతో మనిషిని తేల్చేయకూడదు. పెయ్యాట్ 2016 రియోలో అర్జెంటీనాకు ఆడి 11 గోల్స్ కొట్టాడు, స్వర్ణం గెలిచాడు. ఆ జట్టు ఆడిందీ 8 మ్యాచ్‌లే. హర్మన్‌ప్రీత్ సగటు మ్యాచ్‌కు 1.25, పెయ్యాట్‌ది దాదాపు 1.38. అయితే పెయ్యాట్ మెరుగా? 8 మ్యాచ్‌లలో తేడా ఒక్క గోల్. ఒక్క స్ట్రోకు గోల్‌పోస్టుకు తగిలి బయటికి పోతే ఈ తేడా చెరిగిపోతుంది. దశాంశ బిందువు తరువాత రెండు అంకెలు రాసినంత మాత్రాన లెక్క గట్టిదైపోదు.

మూడోది, ఫలితం వేరు, పని వేరు. ఫైనల్లో మన హైదరాబాద్ తూఫాన్స్ 4-3తో బెంగాల్ చేతిలో ఓడింది. జుగ్‌రాజ్ హ్యాట్రిక్ కొట్టాడు. మన పెయ్యాట్ రెండు కొట్టాడు. 54వ నిమిషంలో న్యూజిలాండ్ ఆటగాడు శామ్ లేన్ కొట్టిన గోల్‌తో ట్రోఫీ అటు వెళ్లింది. ఆ ఒక్క గోల్ కోసం హైదరాబాద్ ఆటగాళ్ల సీజనంతా వృథా అని రాస్తామా?

ఇదంతా మన సలాబత్‌పురాకు కొత్త కాదు. మన కౌంటరుకు వచ్చే కరీంనగర్, వరంగల్ అన్నలను అడగండి. మగ్గం మీద కూలీ మీటర్ల లెక్కన వస్తుంది. ఒకడు ఎక్కువ మీటర్లు నేశాడంటే, పడుగు బాగుంది, అచ్చు అతికినవాడు సరిగ్గా అతికాడు, పోగు తెగినప్పుడు పక్కవాడు చూసుకున్నాడు అని కూడా అర్థం. లెక్క పుస్తకంలో మీటర్లు నేసినవాడి పేరునే ఉంటాయి. కానీ మంచి పడుగు వేసినవాణ్ని మరిచిపోయిన యజమాని మగ్గాలు ఎక్కువ కాలం ఆడవు.

ఇప్పుడు చెప్పడానికి కొంచెం ఇబ్బందిగా ఉన్న సంగతి.

కొన్నేళ్ల కిందట వేరే ఊరి శాఖలో నేను మేనేజరుగా ఉన్నప్పుడు నా దగ్గర ఒక సహోద్యోగి ఉండేవారు. వయసులో నాకన్నా పెద్ద. కొత్త ఖాతాలు, బీమా పాలసీలు, క్యాంపెయిన్ అంకెలు, అన్నింటిలో ఆయన చివర. వార్షిక మదింపులో నేను అందరి అంకెలూ దిగువ వరుసగా పేర్చి, కింద ఉన్నాయన పేరు ఎదుట తక్కువ మార్కులు వేశాను. లెక్క ప్రకారం అది సరైనదే. ఆయన ఏమీ అనలేదు. ఒక్కటే అడిగారు: "సార్, నా కౌంటర్ నుంచి ఈ సంవత్సరం ఒక్క ఫిర్యాదైనా మీ టేబుల్ దాకా వచ్చిందా?"

రాలేదు. పెన్షన్ ఆగిన ముసలమ్మ, చనిపోయినవాళ్ల ఖాతా సొమ్ము కోసం వచ్చిన కుటుంబం, సంతకం కలవక తిరుగుతున్న రైతు, అందరినీ మేం ఆయన దగ్గరికే పంపేవాళ్లం. వాళ్లు నా దగ్గరికి రాకుండా అక్కడే పని జరిగిపోయేది. అందువల్లనే మిగతావాళ్లకు క్యాంపెయిన్లు చేసే తీరిక దొరికేది. ఆయన ఆపిన గోల్స్‌కు నా దగ్గర కాలమ్ లేదు. ఆయన అడిగిన రోజు నాకు అర్థం కాలేదు. మా అమ్మాయి షీటు ముందు నిలబడిన రోజు అర్థమైంది.

ఆ వారంలోనే ఆయనకు ఫోన్ చేశాను. రిటైరై ఊళ్లో ఉన్నారు. జరిగింది చెప్పి, తప్పు నాదన్నాను. కాసేపు ఆగి, "అమ్మాయి టీమ్ ఇప్పుడు ఎన్నో స్థానంలో ఉందండీ?" అని అడిగారు. చివరిదేనన్నాను. "రూల్సు సీజను మధ్యలో మార్చకండి, మిగతా పిల్లలు ఒప్పుకోరు. వచ్చే ఏడు మార్చండి" అన్నారు. తన మార్కుల గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆయన చెప్పినట్టే చేశాం. మధ్యలో మార్చలేదు. మా ఇల్లు చివరి స్థానంలోనే ముగించింది. లోచో తిన్నాం. ఈ ఏడాది మార్చిలో మదింపు కాగితాలు రాసేటప్పుడు మాత్రం, అంకెల పక్కన "ఈయన లేకపోతే నా టేబుల్ మీదికి ఏం వచ్చేది?" అని నన్ను నేను అడిగి, జవాబు వ్యాఖ్యల గడిలో రాశాను. మదింపు ఫారం మార్చే అధికారం నాకు లేదు. వ్యాఖ్య రాసే చోటు మనందరికీ ఉంది. దాన్ని ఖాళీగా వదలకండని నా తోటి అధికారులకు మనవి.

ఇళ్లలో ఉన్నవారికీ ఒక మాట. పక్కింటి పిల్లాడికి 92, మనవాడికి 84 అన్నప్పుడు, అది ఎన్ని పరీక్షల మాట, ఏ సబ్జెక్టుల మాట, ఆ ఏడు ఇంట్లో బదిలీ ఉందా, బడి మారిందా, భాష మారిందా అని కూడా చూడండి. తెలుగు మీడియం నుంచి వచ్చి గుజరాతీ మాటల మధ్య కూర్చున్న పిల్ల ఎన్ని గోల్స్ ఆపుతుందో రిపోర్టు కార్డులో ఉండదు.

వచ్చే సీజనుకు కొత్త షీటు సిద్ధమవుతోంది. గోల్ పడకుండా ముగిసిన ప్రతి క్వార్టరుకు గోల్‌కీపరుకు, డిఫెండర్లకు పాయింట్లు. కార్నర్ తెచ్చినవాడికి సగం పాయింట్లు. షీటు తయారుచేసేది నేను కాదు, మా అమ్మాయి, క్యాషియర్ గారి అబ్బాయి. ఉమ్మడి చిత్తూరు జిల్లా పల్లె నుంచి వెళ్లి భారత జట్టుకు గోల్‌కీపింగ్ చేసిన రజని గురించి ఈ మధ్య ఎక్కడో చదివాడట. ఈసారి మొదటి వంతులో గోల్‌కీపర్‌ను తానే తీసుకుంటానని అప్పుడే చెప్పేశాడు.

ఆడదలచినవారు లోచో బల్ల దగ్గర పేర్లు ఇవ్వండి.