పొద్దుగూకాక తెరిచిన బడి

(నూజివీడు ప్రాంతపు రాత్రిబడి పంతుళ్ల స్మారకోపన్యాసం)



స్మారకోపన్యాసం అన్నాక ఒకరి పేరుండాలి, వేదిక మీద దండ వేసిన ఫొటో ఉండాలి. ఇవాళ రెండూ లేవు. పగలు పిల్లలకు ఓనమాలు దిద్దించి, పొద్దుగూకాక అదే పాకలో వాళ్ల అమ్మానాన్నలకు లాంతరు వెలుగులో చదువు చెప్పి, ఆదివారం ప్రార్థన కూడా నడిపించిన మిషన్ బడి పంతుళ్లు కృష్ణా జిల్లా పల్లెల్లో ఎందరో ఉండేవారు. ఈ ప్రసంగం వాళ్లందరి పేరునా. నూజివీడు ఇప్పుడు ఏలూరు జిల్లాలో ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చేదాకా కృష్ణాలోదే కాబట్టి పాత పేరే ఎక్కువగా వినబడుతుంది, సర్దుకోవాలి.

చెప్పుకోబోయేది చర్చి నీడన సాగిన పెద్దల చదువు గురించి, పెద్దల సహవాసం గురించి. రెండు మాటలూ వేరువేరుగా కనబడతాయి గానీ, ఈ చరిత్ర తిరగేస్తే ఒకటి తేటతెల్లమవుతుంది. పెద్దవాళ్లు చదువు కోసమని కూడినచోట బడి ఎక్కువకాలం నిలవలేదు. పదిమందితో కూర్చోవడానికి వచ్చినచోట చదువు కూడా అబ్బింది.

మెథడిస్టుల దగ్గర మొదలుపెట్టడం న్యాయం. 1742 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్నంలో జాన్ వెస్లీ అనుచరులైన మెథడిస్టులు ఒక అప్పు తీర్చే దారి వెతుకుతున్నారు. ‘న్యూ రూమ్’ అనే ప్రార్థనామందిరం కట్టినప్పటి బాకీ అది. ఫోయ్ అనే కెప్టెన్ ఒక ఉపాయం చెప్పాడు: తలా వారానికి ఒక పెన్నీ వేసుకుందాం అని. ఇచ్చుకోలేని బీదవాళ్ల మాటేమిటని మరొకరు అడిగారు. అందరికంటే బీదవాళ్లను పదకొండు మందిని తనకు అప్పగించమని, వాళ్లు ఇవ్వలేకపోతే వాళ్ల పెన్నీలు కూడా తానే వేస్తానని ఫోయ్ బదులిచ్చాడు. అలా పన్నెండేసి మంది గుంపులయ్యారు. పెన్నీ కోసం గడపగడపకూ తిరిగిన నాయకుల చెవిన ఆ ఇళ్ల సంగతులు పడ్డాయి: ఎవరు తాగుతున్నారు, ఎవరింట్లో రోజూ రభస, ఎవరికి జబ్బు. ఇంటింటికీ తిరిగే బదులు అందరూ వారానికోసారి ఒకచోటికే వస్తే పోతుంది కదా అనుకున్నారు. దానికే ‘క్లాస్’ అని పేరు. చీటీపాటలు ఎరిగిన తెలుగువాళ్లకు ఈ ఏర్పాటు ఎంతమాత్రం కొత్తగా అనిపించదు.

అక్షరాలు ఆ తరవాత వచ్చాయి. 1798లో నాటింగ్‌హామ్‌లో విలియం సింగిల్టన్ అనే మెథడిస్టు, శామ్యూల్ ఫాక్స్ అనే క్వేకరు కలిసి లేసు, మేజోళ్ల పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్ల కోసం బడి పెట్టారు. 1812లో బ్రిస్టల్‌లో ఇంకొకటి వెలిసింది. దాన్ని పెట్టిన విలియం స్మిత్ పాస్టరూ కాదు, పండితుడూ కాదు. మెథడిస్టు చాపెల్ తలుపు దగ్గర నిలబడే కాపలా మనిషి. అక్కడ మొదట పేరు రాయించుకున్నాయనకు 63 ఏళ్లు.

ఇక మన తీరానికి వద్దాం. 1841లో ఆంగ్లికన్ల చర్చ్ మిషనరీ సొసైటీ (సి.ఎం.ఎస్.) తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరులో దిగారు. 1843లో నోబుల్ ఇంగ్లీషు బడి తెరిచాడు. అగ్రవర్ణాల కుర్రాళ్లకు చదువు చెబితే అది మెల్లగా కిందికి ఇంకుతుందని ఆయన నమ్మకం. మాల, మాదిగ పిల్లలకు అందులో చోటివ్వలేదు. 1859లో కథ తిరగబడింది. రాఘవాపురం గ్రామానికి చెందిన పగోలు వెంకయ్య అనే మాల కులస్థుడు, అప్పటికే నడివయసు దాటుతున్నవాడు, దేవుణ్ణి వెతుక్కుంటూ బెజవాడ వచ్చి అక్కడి మిషనరీ డార్లింగ్‌ను కలిశాడు, తనవాళ్లతో సహా బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరవాత కృష్ణా పల్లెల్లో చర్చి పెరిగింది బందరు బడి గదుల్లోంచి కాదు, వెంకయ్య లాంటివాళ్ల పేటల్లోంచే. అంటే చర్చిలోకి కొత్తగా వచ్చినవాళ్లు బడి వయసు దాటిపోయిన కూలీలు, పాలేర్లు. పలక ముఖం చూడని మనుషులు.

వాళ్లకు ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు నోటికి రావాలి. పగలంతా చేలో ఉండే మనిషికి చదువు ఎప్పుడు చెప్పాలి? రాత్రే.

నూజివీడు లాంటి మామిడితోటల సీమలో ఆ రాత్రి కూడా అన్ని నెలల్లో దొరకదు. పూత నిలిచి పిందె కట్టిందగ్గర్నుంచి తోటకు కాపలా పడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా కోతలు. గడకు చిక్కం కట్టి కాయ దింపాలి. తొడిమతో కోసి సొన కాయ మీద కారకుండా చూడాలి. గడ్డి పరిచి గంపల్లో సర్దాలి. బంగినపల్లి అయ్యాక రసాలు, ఆఖర్న తోతాపురి. ఆ మూడు నెలలు పలక పట్టుకునే తీరిక ఎవరికుంటుంది? ఊరి పని తెలిసిన పంతులు ఆ రోజుల్లో పలకలు అటకెక్కించి పాటలు పాడిస్తాడు. తెలియనివాడు హాజరుపట్టీ చూసి బెంగపడతాడు.

పాటలంటే తేలిగ్గా తీసుకోవద్దు. తెలుగు చర్చిలో పెద్దల అసలు వాచకం కీర్తనల పుస్తకమే. పురుషోత్తమ చౌధరి (1803–1890) వంటి కవులు రాగతాళాలు కట్టి రాసినవి తరవాత ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ అనే సంపుటంలో చేరాయి. పుస్తకంలో కీర్తన నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఇప్పుడు దగ్గరగా చూడండి. వెనక వరసలో ఒకావిడ కూర్చుంది, పల్లవి ఆమెకు నోటికి వచ్చు. పక్కనున్న మనవరాలు పుస్తకంలో అదే పల్లవి మీద వేలు పెట్టి పాటతో పాటు జరుపుతుంది. వేలు ఆగినచోట గొంతు ఆగుతుంది, గొంతు సాగితే వేలు సాగుతుంది. పల్లవి ప్రతి చరణం తరవాతా తిరిగి వస్తుంది కాబట్టి అదే అక్షరం ఒక్క పూటలో ఎన్నోసార్లు కంటబడుతుంది. ముందు ధ్వని, తరవాత గుర్తు. అ-అమ్మ, ఆ-ఆవు దగ్గర నడివయసు మనిషికి కలిగే చిన్నతనం ఇందులో లేదు. పాటలో తనకు తెలిసినదే కాగితం మీద కనబడుతోంది గదా.

1909లో తిరునెల్వేలి నుంచి ఒక తమిళుడు తెలుగు నేర్చుకుని దోర్నకల్ వచ్చాడు. వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యాడు. కృష్ణా ప్రాంతపు సి.ఎం.ఎస్. సంఘాలు తరవాత ఆయన డయాసిస్‌లో చేరాయి. పల్లెలను పీడించే దయ్యాలు నాలుగని ఆయన చెప్పేవాడు: మురికి, రోగం, అప్పు, తాగుడు. నాలుగింటిలో ఏ ఒక్కటీ చిన్నపిల్లల బళ్లో తీరేది కాదు. అప్పు పత్రం మీద వేలిముద్ర వేసేది తండ్రి. నీళ్లకుండ మూత పెట్టేది తల్లి. అందుకే ఆయన చూపు ఇళ్లు నడిపే పెద్దల మీదే ఉంది. బాప్తిస్మం పొందినవాళ్లు తమ తలమీద తామే చెయ్యి పెట్టుకుని, సువార్త చెప్పకపోతే నాకు అయ్యో అని పలకాలనేవాడు. నేర్చుకున్న మనిషి మర్నాడే నేర్పేవాడు కావాలన్న పట్టుదల అది. తరవాతి కాలంలో ఫ్రాంక్ లాబాక్ అనే అమెరికన్ మిషనరీ ఒకరు ఒకరికి నేర్పాలి అనే నినాదంతో దేశమంతా తిరిగి పేరు తెచ్చుకున్నాడు. దోర్నకల్ పల్లెలకు ఆ ఊహ కొత్తది కాదు.

అసలు మెథడిస్టులు తెలుగునాట పనిచేసింది ఎక్కువగా నిజాం రాజ్యంలో. బ్రిటిష్ వెస్లియన్లు సికింద్రాబాదు నుంచి మెదక్ దాకా విస్తరించారు. చార్లెస్ పోస్నెట్ కట్టించిన మెదక్ చర్చి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయ్యింది. అమెరికన్ మెథడిస్టులు హైదరాబాదులో వేరుగా ఉన్నారు. స్టాన్లీ బాలికల పాఠశాల వాళ్లదే. మెదక్ పల్లెల సంఘాలను పరిశీలించి పి.వై. లూక్, జాన్ కార్మన్ 1968లో ఒక పుస్తకం అచ్చువేశారు. ఊరి క్రైస్తవుల మతజ్ఞానంలో కీర్తనలకు ఎంత చోటుందో అందులో వివరంగా రాశారు. పాండిత్య గ్రంథమైనా ఊరి వాసన పోని పుస్తకం అది.

1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో ఆంగ్లికన్లు, బ్రిటిష్ మెథడిస్టులు, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి కలిసి దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) అయ్యారు. అమెరికన్ మెథడిస్టులు అందులో కలవలేదు. వాళ్లది 1981లో మెథడిస్ట్ చర్చ్ ఇన్ ఇండియాగా స్వతంత్రమైంది. నూజివీడు వైపు సి.ఎస్.ఐ. సంఘాలు కృష్ణా గోదావరి డయాసిస్‌లోకి వచ్చాయి. పునాది ఆంగ్లికన్లదే అయినా మెథడిస్టుల ఆస్తిలో వీళ్లకూ వాటా దక్కింది. ఏడాది మొదట్లో చదివే నిబంధన ఆరాధన అలా వచ్చిందే. 1755 ఆగస్టులో లండన్‌లో వెస్లీ మొదలుపెట్టిన ఆచారం అది.

నూజివీడులో మెథడిజానికి మరో చుట్టరికం కూడా ఉంది. ఇది చాలామంది గమనించరు. ఊళ్లో గిఫర్డ్ ఆసుపత్రి ఎరగనివాళ్లు లేరు. 1925లో మొదలైన ఈ ఆసుపత్రి సెవెంత్ డే అడ్వెంటిస్టులది, నర్సింగ్ బడీ ఉంది. ఆ సంఘ స్థాపకుల్లో ఒకరైన ఎలెన్ వైట్ పుట్టింది అమెరికాలో ఒక మెథడిస్టు కుటుంబంలో. క్రీస్తు రాకడ దగ్గరపడిందన్న బోధ నమ్మినందుకు 1843లో ఆ ఇంటిల్లిపాదినీ పోర్ట్‌లాండ్ మెథడిస్టు చర్చి వెలివేసింది. వెలి పడినా వెస్లీ అలవాటు వాళ్ల వెంటే వచ్చినట్టుంది. అడ్వెంటిస్టుల సబ్బాతు బడి పిల్లలకే కాదు. శనివారం ఉదయం తాతలూ అమ్మమ్మలూ కూడా తరగతులుగా కూర్చుంటారు. మూడునెలలకో పాఠం పుస్తకం. వారంలో రోజుకింత చదివి రావాలి, శనివారం చర్చించాలి. వయోజన విద్య అని బోర్డు పెట్టకుండా దశాబ్దాలుగా నడుస్తున్న వయోజన తరగతి ఇది.

సి.ఎస్.ఐ.లో ఆ పాత్ర స్త్రీల మైత్రిది. దాని వెనుక మేరీ సమ్నర్ 1876లో ఇంగ్లండులో మొదలుపెట్టిన మదర్స్ యూనియన్ ఉంది. దోర్నకల్‌లో దాన్ని నడిపించింది అజరయ్య భార్య అన్బు. దానికి పెట్టుబడి పిడికెడు బియ్యం. పూటపూటా ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు వేరే కుండలో వేస్తారు, కుండ నిండాక సంఘానికి తెస్తారు. బ్రిస్టల్‌లో పెన్నీ ఏ పని చేసిందో ఇక్కడ బియ్యం ఆ పని చేసింది. కొలిచేందుకు ఒక మనిషి, లెక్క రాసేందుకు ఇంకొకరు, చదివి వినిపించేందుకు మరొకరు కావాలి. పద్దు సరిపోకపోతే ఎక్కడ తప్పిందో వెతకాలి. ఇంటి లెక్క భర్త చేతిలో ఉండే రోజుల్లో ఆడవాళ్లు నలుగురి ముందు పద్దు ఒప్పజెప్పిన చోటు చర్చి వరండా.

కోత పండుగ నాడు ఆ లెక్క ఇంకా జోరుగా ఉంటుంది. బల్ల ముందు వడ్లు, గుమ్మడికాయలు, కోడిపుంజు, కాలాన్ని బట్టి గంపెడు రసాలు. అయ్యగారు ఆశీర్వదించాక వేలంపాట మొదలు. ఒకాయన గంప పాడుకుంటాడు, డబ్బు కట్టి మళ్లీ సంఘానికే ఇచ్చేస్తాడు, ఇంకొకరు దాన్నే పాడుకుంటారు. ఒకే గంప నాలుగు చేతులు మారుతుంది. పాటగాడు ‘ఒకటోసారి, రెండోసారి’ అంటుంటే పక్కన స్త్రీల మైత్రి సెక్రటరీ పేరు, మొత్తం రాసుకుంటూ పోవాలి. ఆలస్యమైతే సభంతా ఆమెకేసి చూస్తుంది. అంత ఒత్తిడిలో వచ్చే రాత ఏ శిక్షణ తరగతిలోనూ రాదు.

ప్రభుత్వాలు ఈ పనిలోకి ఆలస్యంగానే దిగాయి. 1978 అక్టోబరు 2న మొదలైన జాతీయ వయోజన విద్యా కార్యక్రమం 10 కోట్ల మందిని లక్ష్యంగా పెట్టుకుంది. అంతకు ముందే మెథడిస్టు బిషప్ ఫిషర్ భార్య వెల్తీ ఫిషర్, పల్లెలకు వెళ్లమన్న గాంధీ మాట పట్టుకుని 1953లో అలహాబాదులో లిటరసీ హౌస్ తెరిచింది, తరవాత దాన్ని లక్నోకు మార్చింది. ఇక తెలుగునాట అక్షరాస్యత తరగతి ఏం చేయగలదో చూపించింది మాత్రం నెల్లూరు జిల్లా దూబగుంట. 1990ల మొదట్లో అక్షరదీపం తరగతుల్లో సారా మీది పాఠం చదివిన ఆడవాళ్లు అక్కడితో ఆగలేదు. కలిసి వెళ్లి ఊళ్లో సారా దుకాణం మూయించారు. వాళ్లలో ఒకరైన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ప్రభుత్వం 1993లో సారాను, 1995లో మొత్తం మద్యాన్ని నిషేధించాల్సి వచ్చింది. పాఠం అచ్చుపుస్తకంలో చాలా ఊళ్లకు వెళ్లింది గానీ, అది మొదట రాజుకున్నది ఆడవాళ్లు కలిసి కూర్చున్న దూబగుంటలో. అజరయ్య లెక్కలో నాలుగో దయ్యం ఆ తాగుడే.

2011 జనాభా లెక్కల్లో కృష్ణా జిల్లా అక్షరాస్యత 73.74 శాతం. ఇవాళ నూజివీడులో ట్రిపుల్ ఐటీ ఉంది. దాని గేటు ముందునుంచి తోటలకు వెళ్లే కూలీ ఆటోల్లో ఇంకా వేలిముద్ర వేసే పెద్దమ్మలున్నారు. 2022లో వచ్చిన ఉల్లాస్ పథకం 15 ఏళ్లు దాటినవాళ్లకు వాలంటీర్లతో చదువు చెప్పిస్తోంది. ఆ వాలంటీర్లు ఊళ్లో కొత్త గది వెతుక్కోనక్కర్లేదు. స్త్రీల మైత్రి కూడికకు ఆ పెద్దమ్మలు ఎలాగూ వస్తారు, చాప పరిచే ఉంటుంది. తోతాపురి కోతలయ్యాక, జూలైలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా నడిపితే కాపలాకూ కోతకూ అడ్డురాదు. వాళ్లు ముందు చదవాలనుకునేవి బ్యాంకు పాసుబుక్కు, బీపీ మాత్రల అట్ట, ఫోనులో వచ్చే డబ్బు మెసేజి. కీర్తనల పుస్తకం కూడా పక్కన పెట్టుకోండి, అందులో సగం వాళ్లకు ముందే వచ్చు.