ఆ ప్రవక్త
(స్మారకోపన్యాసము)

ఎవరి పేర ఈ ధర్మనిధి వెలసినదో ఆ గురువర్యులు లేఖనవాక్యమును త్వరపడి దాటిపోవుట తగదని బోధించెడివారు గనుక, నేడు యోహాను సువార్త ఆఱవ అధ్యాయమునందలి పదునాలుగవ వచనమొక్కదానికడనే నిలిచి విచారించెదను.

పస్కా పండుగ సమీపించిన దినములలో, గలిలయ సముద్రపు టావలియొడ్డున, ఒక చిన్నవానియొద్దనున్న అయిదు యవలరొట్టెలును రెండు చేపలును ఇంచుమించు 5,000 మంది పురుషుల యాకలి దీర్చి, పండ్రెండు గంపల ముక్కలు మిగిలిన పిమ్మట, లోకమునకు రావలసిన ప్రవక్త ఈయనయే యని జనులు యేసునుగూర్చి నిశ్చయించిరి. ఎవరో యొక ప్రవక్త యని వారనలేదు. గ్రీకు మూలమున ఆ శబ్దమునకు ముందు నిశ్చయార్థకమైన 'హో' యను ఉపపదము కలదు. మన భాషలో అట్టి ఉపపదము లేదు గావున, మొదటి అధ్యాయమున యెరూషలేమునుండి వచ్చిన యాజకులును లేవీయులును, క్రీస్తును కానని చెప్పిన బాప్తిస్మమిచ్చు యోహానును, ఏలీయావా యనియు ఆ ప్రవక్తవా యనియు నడుగుచోట, తెలుగు బైబిలు 'ఆ' యను నొక్క యక్షరముచేతనే అంతటి భారమును మోయించినది. ఆ యక్షరముపై నాకు మిక్కిలి మక్కువ. శతాబ్దుల నిరీక్షణ యంతయు అందు ఇమిడియున్నది.

ఆ నిరీక్షణ పామరజనుల యూహమాత్రము గాదు. మక్కబీయుల కాలమున అపవిత్రమైన బలిపీఠపు రాళ్లను పడగొట్టినవారు, ఏమి చేయవలెనో చెప్పు ప్రవక్త వచ్చువఱకని వానిని దాచియుంచిరి. 1947లో మృతసముద్రతీరమున కుమ్రాను గుహలో దొరకిన సమాజనియమావళియు ప్రవక్త వచ్చువఱకు పూర్వనియమములనే పాటింపుమనుచున్నది. క్రీ.శ. 44–46 నడుమ థూదా యనువాడు తాను ప్రవక్తననియు, తన మాటచే యొర్దాను నది పాయలగుననియు చెప్పగా, అనేకులు తమ సొత్తుతో నాతని వెంట నడచిరని చరిత్రకారుడైన జోసీఫసు వ్రాసెను.

వీరందఱు నమ్మిన వాగ్దానమునకు మూలము ద్వితీయోపదేశకాండము పదునెనిమిదవ అధ్యాయము. అచ్చట మోషే దానికి చెప్పిన కారణము మిగుల విచారణీయము. హోరేబు కొండయొద్ద అగ్నిమధ్యమునుండి వినవచ్చిన దైవస్వరమునకు వడకి, ఇక నేరుగా వినజాలమని ప్రజలు ప్రార్థించిరి. ఆ ప్రార్థనకు ప్రత్యుత్తరముగనే, మోషేవంటి ప్రవక్తను వారి సహోదరులలోనుండి పుట్టింతుననియు, అతని నోట తన మాటల నుంతుననియు దేవుడు వాగ్దానము చేసెను. ఆ వాక్యములలో మన్నా లేదు, చీలిన సముద్రము లేదు. ఉన్నది నోరు, మాట, వినవలసిన చెవి.

గలిలయ జనులకు మోషే యనగా మన్నా జ్ఞప్తికి వచ్చెను. వారు పెట్టిన పేరు తప్పని నేననను. ఆ మోషే వాక్యమునే యేసునకు అన్వయించి పేతురు తరువాత దేవాలయమున బోధించినట్లు అపొస్తలుల కార్యములు తెలుపుచున్నవి. కాని పదునైదవ వచనమును విడదీసి పదునాలుగవదానిని చదువరాదు: ప్రవక్త యని గుర్తించిన యా జనులే ఆయనను బలవంతముగ పట్టి రాజును చేయబోవుటయు, ఆయన ఒంటరిగా కొండకు తొలగిపోవుటయు అచ్చట నున్నవి. ప్రవక్తయని యెఱిగినవాడు ఆయన చెప్పునది వినగోరును. వీరు తమ యాకలి యెట్టి రాజును కోరునో ఆ రాజును చేయగోరిరి.

మఱునాడు కపెర్నహూములో వారాయనను వెదకి కనుగొనిరి. ఆకాశమునుండి దిగివచ్చిన ఆహారమునుగూర్చి ఆయన సమాజమందిరమున చెప్పిన మాటలు కఠినమని శిష్యులలోనే అనేకులు వెనుదీసిరి. మీరును వెళ్లగోరుచున్నారా యని పండ్రెండుగురి నడిగినప్పుడు, అంతకు ముందుదినమే గంపలు మోసిన వారిలో నొకడైన పేతురు రొట్టెలమాట యెత్తక, నిత్యజీవపు మాటలు ఆయనయొద్దనే యున్నవని చెప్పి నిలిచెను.