యూరియా లెక్క మట్టి చీటీతోనే
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



యూరియా కోసం తెల్లవారకముందే లైన్లో చెప్పులు పెట్టాల్సి వస్తోంది. సరఫరా సర్కారు బాధ్యత, దాని మీద మన పోరాటం ఆగదు. కానీ తెచ్చిన కట్ట ఎంత వేయాలన్నది మన చేతిలో ఉంది.

వరికి ఎకరాకు 48 కిలోల నత్రజని సిఫారసు అనుకుందాం. 45 కిలోల యూరియా కట్టలో ఉండేది సుమారు 21 కిలోలు. దమ్ములో ఒక డీఏపీ కట్ట వేస్తే 9 కిలోల నత్రజని అప్పుడే పడింది, అంటే దాదాపు 20 కిలోల యూరియా! దీన్ని చాలామంది లెక్కలో వేయరు. వేస్తే ఇక కావలసింది రెండు కట్టల లోపే.

మట్టి పరీక్ష చీటీలో లభ్య నత్రజని హెక్టారుకు 280 కిలోల లోపుంటే తక్కువ. అప్పుడు సిఫారసుకు సుమారు 30 శాతం కలపాలి. 560 దాటితే అంతే తగ్గించాలి. తగ్గించకపోతే పైరు నల్లగా ఏపుగా పెరిగి దోమపోటును, అగ్గితెగులును పిలుస్తుంది. ఆ మందుల ఖర్చు వేరే.

నమూనా ఎండాకాలంలో, ఎరువు వేయకముందే తీయాలి. గట్లు, చెట్ల నీడ, పెంటకుప్పల చోటు వదిలి, 8–10 చోట్ల ఆరంగుళాల లోతు మట్టి తీసి కలిపి, అరకిలో ఉంచండి.

నాట్లయ్యాక వచ్చే చీటీ ఎవరికి కావాలి? నారు పోసేలోగా ఫలితాలు ఇవ్వాలని మండల వ్యవసాయాధికారికి వినతిపత్రం ఇద్దాం. నమూనా సంచులు కూడా ఆ రోజే తీసుకురండి.