కంటి చూపు ధర, కాటా ధర

(గొర్రెల పెంపకందారుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మటన్ షాపులో కిలో అడిగితే కాటా మీద తూచి ఇస్తారు. అదే మాంసం బతికున్న పొట్టేలుగా మన చేతిలో ఉన్నప్పుడు సంతలో కాటా ఉండదు. బేరగాడు నడుం నొక్కి చూస్తాడు, పైకెత్తి చూస్తాడు, తువ్వాల కింద వేళ్లు పడతాడు. బేరం అయిపోతుంది.

25 కిలోల పొట్టేలును కోస్తే ఇంచుమించు 12 కిలోల మాంసం పడుతుంది. దాన్ని 22 కిలోలేనని బేరగాడు మనల్ని ఒప్పించాడనుకోండి. మూడు కిలోల బరువు పోతే కిలోన్నర మాంసం పోయినట్టే. షాపులో కిలో 800 అనుకుంటే 1,200 రూపాయలు. 20 పొట్టేళ్లకు 24,000. తలకాయ, కాళ్లు, బోటి ఈ లెక్కలో లేనే లేవు. అదంతా మనకే రావాలని మేము అనడం లేదు. లారీకి డీజిలుంది, షాపుకు కిరాయి ఉంది. అందులో సగం వచ్చినా పిల్లల ఫీజులు కట్టుకుంటాం కదా.

షాపులో మటన్ ధర దిగడం మనలో ఎంతమంది చూశారు? ధర దిగేది మనం అమ్మక తప్పని రోజునే. పోయిన ఎండాకాలం మేము మందను తోలుకొని వలస పోయిన చోట నాలుగు జీవాలు పారుకుంటూ పడిపోయాయి. మర్నాడే బేరగాడు బండి వేసుకొని వచ్చాడు. వారం కింద తానే చెప్పిన ధరలో సగం చెప్పాడు. రోగం తగలని పిల్లలను కూడా ఇచ్చేశాం. ఆయన దగ్గర తెచ్చిన బాకీ ఒకటుంది, నోరెత్తలేకపోయాం. పీపీఆర్ టీకా ఒకసారి వేస్తే మూడేళ్లు కాస్తుంది. చిటుక రోగం టీకా వానలకు ముందు ఏటా వేయించాలి. ఆ రెండూ వేయించి ఉంటే ఆ రోజు బేరం మరోలా ఉండేది.

ఇక పండుగలు. బోనాలకు, దసరాకు, కనుమకు గిరాకీ ఉంటుంది. శ్రావణంలో, కార్తీకంలో తగ్గుతుంది. ఇది మనకు తెలిసిందే. బక్రీదు మాత్రం ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. 2024లో జూన్ 17న వచ్చింది, 2025లో జూన్ 7న. ఆ పండుగకు ఏడాది నిండిన, కొమ్ము విరగని, చెవి తెగని పొట్టేలును కోరుకుంటారు. సూడి ఐదు నెలలు, పెంపకం ఏడాది. అంటే 17 నెలల ముందే లెక్క చూసుకొని విత్తన పొట్టేలును మందలో కలపాలి. ఉన్ని సంగతి మాట్లాడుకోవడం దండగ. దక్కనీ గొర్రెకు కత్తిరింపు కూలి కూడా రావడం లేదు. మనకు మిగిలింది మాంసం ధర ఒక్కటే.

2019 పశుగణనలో గొర్రెల సంఖ్యలో తెలంగాణ దేశంలో మొదటిది, ఆంధ్రప్రదేశ్ రెండోది. తెలంగాణలోనే 1 కోటి 90 లక్షలు ఉన్నాయి. 2017లో గొర్రెల పంపిణీ మొదలైనప్పుడు 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి యూనిట్ 1.25 లక్షలు. తర్వాత దాన్ని 1.75 లక్షలు చేశారు. కొనేటప్పుడు ధర పెరిగిందని సర్కారు ఒప్పుకుంది. అమ్మేటప్పుడు తూకం కావాలంటే ఎవరూ పలకరు. సంత వేలం పాడినవాడు జీవానికింతని రుసుము వసూలు చేస్తాడు, నీళ్ల తొట్టి కూడా పెట్టడు.

అందుకే సంఘం ఒక కాటా కొన్నది. వచ్చే సంతకు గేటు దగ్గరే పెడతాం. బరువు చీటీ మీద రాసి ఇస్తాం. చీటీ చూసి బేరగాళ్లంతా కలిసి కొనమంటే ఆ రోజు మందలు వెనక్కి తోలుకురావాలి. మరో వారానికి మేత, నీళ్లు ఎవరి దగ్గర ఉన్నాయో ఇప్పుడే చేతులెత్తి చెప్పండి, పేర్లు రాసుకుంటాం.